ఇంటర్నెట్ ఇంటిదే, వంతు ఎవరిది?

సంక్రాంతి వెళ్లిన వారానికి మా ఆఫీసుకు ఒకమ్మాయి వచ్చింది. ఉప్పల్ అవతల ఉంటుంది. పెళ్లయి మూడేళ్లు. కొట్టారనీ కట్నం అడిగారనీ చెప్పడానికి రాలేదు. చాలాసేపు కుర్చీ అంచున కూర్చుని, మంచినీళ్లు తాగి, చివరికి అడిగింది: "అక్కా, ఇది గూడ చెప్పుకునే బాధేనా? మా ఇంట్ల నాకు నెట్ అందుతలేదు."

మాలో ఇద్దరికి నవ్వొచ్చింది. దాచుకోవడం ఎందుకు, అందులో నేనూ ఉన్నాను. పాతికేళ్లుగా తన్నులు, కోర్టులు, మనోవర్తి కేసులు చూసిన వాళ్లం. వైఫై స్పీడు మా ఫైళ్లలో ఎక్కడ పెట్టాలో మాకు తెలియలేదు. ఆమె చెప్పడం పూర్తయ్యేసరికి నవ్వు పోయింది. ఈ సంచిక సంపాదకీయం దాని గురించే రాయాలని ఆ రోజే అనుకున్నాను. ఆమె ఒప్పుకుంది. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఆమెది మెడికల్ కోడింగ్ పని. అమెరికా ఆసుపత్రుల రికార్డులు చదివి జబ్బులకూ వైద్యానికీ కోడ్ నంబర్లు వేయాలి. సాయంత్రం ఆరు నుంచి రాత్రి రెండింటి దాకా షిఫ్టు. ఇంట్లో కూర్చునే చేస్తుంది, కానీ కంప్యూటర్ తెర మీద కనిపించేదంతా దూరాన ఉన్న కంపెనీ యంత్రంలో జరుగుతుంది. కనెక్షన్ ఒక్క క్షణం తట్టుకుంటే తెర బిగుసుకుపోతుంది. రోజుకు ఇన్ని చార్టులని లెక్క ఉంది. లెక్క తగ్గితే జీతం తగ్గుతుంది, వరసగా తగ్గితే ఉద్యోగమే పోతుంది. అదే ఇంట్లో మరిది పెళ్లి వీడియోలు తీస్తాడు. రాత్రి తొమ్మిదికి వచ్చి ఆ రోజు తీసిన వీడియోలు పార్టీలకు పంపిస్తాడు. అతను పంపడం మొదలుపెట్టగానే ఈమె తెర ఆగిపోతుంది. ఒక్క రెండు గంటలు ఆగమని అడిగితే అత్తగారు, "వాడు పని జేస్తుండు గదమ్మా, నువ్వు ఇంట్లనే ఉంటివి, జరసేపాగి చేసుకోరాదు?" అన్నదట.

ఆ ఇంట్లో నెట్ బిల్లు కట్టేది ఈ అమ్మాయి. కనెక్షన్ మామగారి పేరు మీద ఉంది. రూటర్ పాస్‌వర్డ్ మరిది దగ్గర ఉంది. ఈ మూడు వాక్యాలు విన్నాక మాకు ఫైలు ఎక్కడ పెట్టాలో అర్థమైంది. భూమి విషయంలో, ఇల్లు విషయంలో, బ్యాంకు ఖాతా విషయంలో మనం ఎన్నిసార్లు రాసుకున్న వాక్యాలివి!

అతన్ని నేను విలన్ని చేయదలుచుకోలేదు. అతనిదీ కష్టమే. రెండూ జీతం తెచ్చే పనులే. కానీ ఇంట్లో మగవాడు చేస్తే అది పని. ఆడమనిషి ఇంట్లో కూర్చుని చేస్తే అది 'ఇంట్లో ఉండటం'. ఇంటి చాకిరీ విషయంలో స్త్రీవాదులు చెబుతూ వచ్చిన ఈ మాట జీతం వచ్చే పనికి కూడా వర్తిస్తుందని మనం ముందుగా ఊహించలేదు. పని ఇంట్లోకి వస్తే స్త్రీకి మేలని 2020 లాక్‌డౌన్ రోజుల్లో చాలామంది రాశారు. ఇంట్లోకి వచ్చిన పనికి ఇంటి నియమాలే వర్తించాయి. 2024 కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దాని మీద రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. అందులో ఎంతో కొంత చేసే పురుషులు 88 నిమిషాలు పెడుతున్నారు. ఈ అమ్మాయి రాత్రి రెండింటికి లేచి పడుకుని, మళ్లీ ఆరింటికి పాలు కాచేది ఆ 289లోనిదే.

ఇక అసలు విషయం. ఒకరు వీడియో పంపితే ఇంకొకరి తెర ఎందుకు ఆగాలి? ఇది యంత్రాల సంగతి, మనకెందుకు అనుకోకండి. మనకు తెలియదనుకున్న చోటే మన తరఫున ఇంకొకరు నిర్ణయాలు తీసుకుంటారు.

వాళ్ల ఇంటిది పాత కేబుల్ కనెక్షన్. లోపలికి 40 ఎంబీపీఎస్ వస్తుంది, బయటికి 5 మాత్రమే పోతుంది. వీధి కుళాయికి మోటారు బిగించినట్టు పెద్ద వీడియో ఒకటి ఆ ఐదునూ లాగేస్తుంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకోటుంది. బయటికి పోవాల్సిన ముక్కలన్నీ మోడెంలో వరస కడతాయి. రేషన్ షాపు దగ్గర ఒకడు యాభై కార్డులు పట్టుకొచ్చి ముందు నిలబడ్డాడనుకోండి. వాడి వెనక కిలో చక్కెర కోసం ఒక్క కార్డుతో వచ్చిన ముసలమ్మ ఉంది. ఆమెకు కావలసింది ఒక్క నిమిషం, నిలబడేది పూట. మెడికల్ కోడింగ్ తెర, వీడియో కాల్, ఆన్‌లైన్ పరీక్ష, ఇవన్నీ ముసలమ్మ లాంటివే. వాటికి కావలసిన వేగం కొంచెం. మంచి వీడియో కాల్‌కు మూడు నాలుగు ఎంబీపీఎస్ చాలు. వాటిని చంపేది ఆలస్యం. కాబట్టి ఇంకా పెద్ద ప్లాను తీసుకుంటే తీరిపోతుందని కేబులతను చెప్పే మాట సగమే నిజం. వరస పద్ధతి మారకపోతే, యాభై కార్డులవాడు వంద కార్డులతో వస్తాడు.

పక్కదారే అయినా ఒక మాట చెప్పాలి. పిల్లవాడు గేమ్ ఆడుతున్నాడు కాబట్టి నెట్ పోయిందని ఇళ్లలో రోజూ గొడవ. ఆడుతున్నప్పుడు గేమ్ తీసుకునేది చాలా తక్కువ, సాధారణంగా ఒక ఎంబీపీఎస్ కూడా ఉండదు. తినేసేది ఆ గేమ్ కొత్త వెర్షన్ దిగుమతి, పదుల జీబీలు. రాత్రిపూట అందరి ఫోన్లూ ఫొటోలనూ వీడియోలనూ పైకి పంపుకోవడం కూడా అలాంటిదే. పిల్లల్ని తిట్టే ముందు ఆ రెండూ తెల్లవారుజామున జరిగేట్టు పెట్టుకోవచ్చు.

ఈ వరస గురించి చదువుతున్నప్పుడు నాకు రెండు పేర్లు దొరికాయి. ఒకామె శాలీ ఫ్లాయిడ్. 1971లో బర్కిలీలో సోషియాలజీ డిగ్రీ తీసుకుంది. తర్వాత కంప్యూటర్ల వైపు వెళ్లి, 1989లో డాక్టరేట్ చేసింది. వరస నిండిపోయి అందరూ ఇరుక్కునే దాకా ఆగకుండా ముందుగానే కొన్ని ముక్కల్ని వదిలేసి, పంపేవాళ్లకు నెమ్మదించమని సంకేతమిచ్చే పద్ధతిని 1993లో వాన్ జాకబ్సన్‌తో కలిసి ప్రకటించింది. 2019లో చనిపోయింది. సోషియాలజీ చదివిన నాలాంటి దానికి ఆ డిగ్రీ సంగతి చదివి ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. రెండో ఆమె కాథ్లీన్ నికొల్స్. 2012లో ఆమె, అదే జాకబ్సన్ కలిసి ఇంకో పద్ధతి చెప్పారు. వరస ఎంత పొడవుందని చూడొద్దు, అందులో నిలబడ్డది ఎంతసేపు నిలబడిందో చూడు అన్నారు. వెయ్యిలో ఐదు వంతుల సెకనుకు మించిన నిరీక్షణ తగ్గకుండా కొనసాగితే పెద్దవాడిని నెమ్మదించమంటుంది ఆ పద్ధతి. రేషన్ క్యూలూ నీళ్ల క్యూలూ నడిపే అధికారులకు కూడా ఇది చెప్పాలి.

మా సంస్థలో కంప్యూటర్లు తెలిసిన అమ్మాయి ఉంది. ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. అత్తగారు చాయ్ ఇచ్చారు, మరిది ముభావంగానే ఉన్నా మాట్లాడాడు. రూటర్ ముందుగది టీవీ వెనక, అతని మంచం పక్కన ఉంది. ఈమె పనిచేసేది వంటగదిని ఆనుకున్న మూల. మధ్యలో రెండు గోడలు, ఫ్రిజ్, స్టీలు సామాను స్టాండు. మైక్రోవేవ్ తిరిగినప్పుడల్లా ఆ మూలలో సిగ్నల్ ఇంకా పడిపోతోంది. కాలువ చివరి భూముల రైతుకు ఎప్పుడూ నీళ్లు అందనట్టే వంటింటికి వైఫై అందదు. రూటర్ ఎక్కడ పెట్టాలో ఎవరూ కావాలని కుట్ర చేయలేదు. కేబులతను వచ్చిన రోజు ఇంట్లో ఉన్న మగవాళ్లు 'ఇక్కడ పెట్టు' అన్నారు, పెట్టాడు. పితృస్వామ్యం చాలాసార్లు ఇంత మామూలుగానే పని చేస్తుంది.

రూటర్‌ను నడవలోకి మార్చాం. వరసను నడిపే సదుపాయం ఉన్న కొత్తది ఒకటి మోడెంకు తగిలించాం. దాంట్లో బయటికి పోయే వేగాన్ని అసలు వేగంలో 90 శాతానికి కట్టేశాం. అలా కడితే వరస కేబులతని మోడెంలో పేరుకోకుండా మన చేతిలోని రూటర్ దగ్గరే ఉంటుంది, మనం చెప్పిన వంతు ప్రకారం కదులుతుంది. మా సీమ చెరువుల కింద నీరుగంటి ఉండేవాడు, తెలంగాణలో నీరటి. ఏ మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో చూడటం అతని పని. ఆ పని ఇప్పుడు ఆ కొత్త రూటర్ చేస్తుంది. ఆ రాత్రి మరిది వీడియో పంపించాడు, ఈమె చార్టులు చేసింది. రెండూ జరిగాయి. అతనికి రోజూ గంటన్నర పట్టేది, ఆ రోజు ఇంకో పది నిమిషాలు ఎక్కువ పట్టింది.

పది నిమిషాలు! ఆ పది నిమిషాల కోసం ఈ అమ్మాయి ఏడాదిగా జీతం కోతలు పడింది. ఒకరికి పెద్దగా నష్టం లేకుండానే పంచుకునే వీలున్నప్పుడు కూడా పంపకం ఎందుకు జరగలేదన్నది నా ప్రశ్న. అక్కడ పంచాల్సింది ఏదో ఉందని ఎవరికీ తోచలేదు.

మా అమ్మాయి అక్కడ ఇంకో సంగతి చెప్పింది, అది నన్ను చాలా రోజులు వెంటాడింది. ఈ యంత్రాల్లో ఎక్కువ భాగం వంతును మనిషికి లెక్కపెట్టవు, కనెక్షన్‌కు లెక్కపెడతాయి. ఒక సినిమా డౌన్‌లోడ్ ఒకేసారి ముప్పై కనెక్షన్లు తెరిస్తే దానికి ముప్పై వంతులు, మీ వీడియో కాల్‌కు ఒకటి. యాభై కార్డులవాడికి యాభై వంతులన్నమాట. ఇది సమానత్వమా అని ఆ రంగంలోనే పెద్ద వాదం జరిగింది. ఆ తర్వాత 'కేక్' అనే పద్ధతి వచ్చింది, 2018లో లినక్స్‌లో చేరింది. అది ముందు పరికరాల మధ్య పంచి, తర్వాత ఒక్కో పరికరం లోపల పంచగలదు. మేలే. కానీ మగవాడికి ఫోన్, ల్యాప్‌టాప్, టీవీ ఉండి, అత్తాకోడళ్లిద్దరికీ కలిపి ఒక ఫోన్ ఉంటే? పరికరం కూడా మనిషి కాదు.

ఎవరిని లెక్కపెడుతున్నారన్నది మనకు పాత తగాదానే. ప్రభుత్వం కుటుంబాన్ని లెక్కపెడుతుంది. కుటుంబానికి రేషన్ కార్డు, కుటుంబానికి ఇల్లు, కుటుంబానికి కనెక్షన్. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్‌ను నెలకు 149 రూపాయలకని ప్రారంభించినప్పుడు కూడా లెక్క ఇళ్లదే. ఇంటి గడప దాటి లోపలికి వెళ్లాక అది ఎవరికి ఎంత చేరిందో చూసే లెక్క వేరే ఉండాలి. అలాంటి లెక్క ఒకటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని 15-49 వయసు వాళ్లను స్త్రీలనూ పురుషులనూ విడివిడిగా అడిగారు. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలు 21.0 శాతం, పురుషులు 48.8. తెలంగాణలో స్త్రీలు 26.5, పురుషులు 57.4. ఎప్పుడైనా, ఒక్కసారైనా వాడారా అన్నదే ప్రశ్న. ఈ సంఖ్యలు కొంత పాతబడ్డాయి, ఇప్పుడు ఎక్కువమందే వాడుతుంటారు. అయినా ఆ స్త్రీపురుషులు చాలావరకు అవే ఇళ్లలో, అవే కప్పుల కింద ఉన్నవాళ్లేనని గుర్తుంచుకోవాలి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి వాటా అని మన రాష్ట్రం 1985లోనే చట్టం తెచ్చుకుంది, దేశమంతా 2005లో తెచ్చుకుంది. వాటా ఉన్నదని తెలియడానికీ వాటా అడగడానికీ మధ్య ఎంత దూరముందో ఆ చట్టం చరిత్రే చెబుతుంది.

ఆ అమ్మాయి కథ వరస సరిచేయడంతో అయిపోలేదు. పాస్‌వర్డ్ ఆమెకు కూడా చెప్పమని అడిగాం. మరిది నవ్వి ఊరుకున్నాడు. నెల తిరక్కుండానే ఇంట్లో ఇంకేదో మాట పట్టింపు వచ్చింది. నెట్‌తో దానికి సంబంధమే లేదు, ఆడపడుచు సీమంతం ఖర్చు గురించి. మర్నాడు సాయంత్రం ఈమె ల్యాప్‌టాప్‌కు నెట్ రాలేదు. ఇంట్లో అందరికీ వస్తోంది. రూటర్‌లో నిషేధించిన పరికరాల జాబితా అని ఒకటుంటుంది. అందులో ఈమె ల్యాప్‌టాప్ పేరుంది. మూడు షిఫ్టులు పోయాయి.

ఇక్కడే మేం 2005 గృహహింస చట్టం తెరిచాం. మూడో సెక్షన్ ఆర్థిక హింసను నిర్వచించేచోట, కుటుంబ సంబంధం వల్ల స్త్రీ వాడుకునే హక్కున్న వనరులనూ సదుపాయాలనూ అందకుండా ఆపడం కూడా ఆ హింసేనని ఉంది. చట్టం రాసినప్పుడు ఎవరి మనసులోనూ వైఫై లేకపోవచ్చు. కానీ జీతం తెచ్చే దారిని ఒక మీట నొక్కి మూసేయడం ఆ మాటల కిందికి వస్తుందని నా అభిప్రాయం. 2019 సెప్టెంబరు 19న కేరళ హైకోర్టు ఫహీమా షిరిన్ కేసులో ఇచ్చిన తీర్పు కూడా ఇక్కడ పనికొస్తుంది. అమ్మాయిల హాస్టల్లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోన్ వాడొద్దన్న నియమాన్ని ఒప్పుకోనందుకు ఆ విద్యార్థినిని హాస్టల్ నుంచి పంపేశారు. ఇంటర్నెట్ అందుబాటు చదువు హక్కులోనూ గోప్యత హక్కులోనూ భాగమని చెప్పి కోర్టు ఆమెను తిరిగి చేర్చుకోమంది.

అమ్మాయి మాత్రం ఫిర్యాదు వద్దంది. "నెట్ కోసం కోర్టుకెక్కిందని అంటరు అక్కా." విడిగా సిమ్ డేటా తీసుకుని దాంతో పని చేసుకుంటోంది. ఇంటి బిల్లు కూడా ఇంకా ఆమే కడుతోంది. ఇది ఆమె గెలుపా, ఉమ్మడి ఇంట్లో వేరు పొయ్యి పెట్టుకోవడమా అని మా సంస్థలో రెండు సమావేశాలు వాదించుకున్నాం. నాకు ఇది గెలుపుగా కనిపించడం లేదు. కానీ ఆమె ఉద్యోగం నిలిచింది. బయటినుంచి చూసేవాళ్లం దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు.

ఇప్పుడు నా సంగతి. ఇదంతా చూసి వచ్చాక మా ఇంట్లో పాస్‌వర్డ్ నేను తీసుకున్నాను. కొన్నాళ్లు చాలా బాగుంది. ఎవరెంత వాడుతున్నారో తెర మీద గీతలుగా కనిపిస్తుంది. ఎవరి పరికరం ఏ సైట్ల పేర్లు అడుగుతోందో కూడా చాలావరకు కనిపిస్తుంది. లోపల ఏం చదివారన్నది కనిపించదు కానీ పేరు చాలదా? ఒక రాత్రి ఆసుపత్రి సలహా కోసమో, వకీలు కోసమో, మన 181 హెల్ప్‌లైన్ కోసమో వెతికే స్త్రీ ఇంట్లో ఆ తెర ఎవరి చేతిలో ఉందన్నది ప్రాణం మీది ప్రశ్న. ఇదంతా తెలిసి కూడా నేనేం చేశానంటే, చదువు పాడవుతుందని మా అమ్మాయి ఫోన్‌కు రాత్రి పదింటికి నెట్ ఆగిపోయేట్టు పెట్టాను. వారం తర్వాత అది అడిగింది: "అమ్మా, తమ్ముడికి ఎన్నింటికి ఆపావ్?"

వాడికి ఆపలేదు. వాడికి ప్రాజెక్టు ఉందని అనుకున్నాను. నిజానికి ఏమీ అనుకోలేదు, తోచలేదంతే. ఉప్పల్ అవతలి అత్తగారి మాట నాకు ఎంత దగ్గరలో ఉందో ఆ పూట తెలిసింది. న్యాయంగా పంచడం పేరుతో మొదలుపెట్టి కాపలా కాయడం దగ్గర ఆగాను. ఈ రెంటినీ ఒకే పెట్టె, ఒకే మెనూ చేస్తుంది. ఆలస్యాన్ని పంచే సెట్టింగుకు ఎవరేం చూస్తున్నారో తెలియనక్కర్లేదు. పేర్లు పెట్టి, గంటలు పెట్టి ఆపే సెట్టింగుకు తెలియాలి. మొదటిది చాలినచోట రెండోదాన్ని ముట్టుకోకూడదని ఇప్పుడు నియమం పెట్టుకున్నాను.

ఇంకొకరున్నారు, ఆమెను మరిచిపోతే మన లెక్క మనకే అబద్ధమవుతుంది. 2020 సెప్టెంబరు ఒకటి నుంచి తెలంగాణలో సర్కారు బడి పిల్లలకు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరిల ద్వారా పాఠాలు మొదలయ్యాయి. వాట్సాప్‌లో వచ్చే వర్క్‌షీట్లకు మాత్రం నెట్ కావాలి. మా ఇంట్లో పనిచేసే ఆమె, కూతురిని వెంట తెచ్చి మెట్ల మీద కూర్చోబెట్టి, పాస్‌వర్డ్ చెబుతారా అని నన్ను అడిగింది. చెప్పాను. కింది ఇంటాయన, "మేడమ్, అలా అందరికీ ఇస్తే సెక్యూరిటీ ఏముంటుంది?" అన్నాడు. అతిథుల కోసం విడి నెట్‌వర్క్ పెట్టే వీలు ప్రతి రూటర్లోనూ దాదాపు ఉంటుంది, మన పరికరాలకు ఏ ప్రమాదమూ రాదు. ఆయనకది చెప్పాను. ఆయన అడిగింది సెక్యూరిటీ గురించి కాదని ఇద్దరికీ తెలుసు. అదే ఏడాది నవంబరులో షాద్‌నగర్ అమ్మాయి, ఢిల్లీలో డిగ్రీ చదువుతున్నది, ఇంట్లో ల్యాప్‌టాప్ కొనే స్తోమత లేక ఆన్‌లైన్ చదువు సాగని దిగులుతో ప్రాణం తీసుకుంది. ఆ వార్త చదివినప్పుడు మా మెట్ల మీద కూర్చున్న పిల్లే కళ్లముందు మెదిలింది.

మా ఇంటి పాస్‌వర్డ్ ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద కాగితం మీద రాసి ఉంది. రూటర్ సెట్టింగులు మార్చేది కూడా దాని కిందే రాశాం. మార్చినవాళ్లు ఏం మార్చారో, ఎందుకు మార్చారో తేదీ వేసి రాయాలి. ఇంతవరకు మూడు పంక్తులే ఉన్నాయి, ఒకటి మావాడు రాసింది: "అక్క పరీక్ష. గేమ్ అప్‌డేట్ ఆపాను." ఉప్పల్ అమ్మాయికి ఫోన్లో ఈ సంగతి చెబితే, తమ ఇంట్లో కూడా అలాంటి కాగితం అంటించింది. మరిది చింపలేదట. ఇంకా ఎవరూ ఏమీ రాయలేదట.

పాఠకులు తమ ఇంటి సంగతి మాకు రాయండి. రూటర్ ఏ గదిలో ఉంది, బిల్లు ఎవరు కడతారు, పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు, నెట్ సరిగా రానప్పుడు మొదట ఎవరి పని ఆగుతుంది. ఈ నాలుగు మాటలు చాలు, పేరు రాయనక్కర్లేదు. వచ్చిన ఉత్తరాలు వచ్చే సంచికలో వేస్తాం.